తలకట్టు సెరిఫ్ కాదు

‘తెలుగుకి ఒక హెల్వెటికా కావాలి’ అనే మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. డిజైనర్ల ప్రెజెంటేషన్లలో, పుస్తకాల అట్టల మీద జరిగే చర్చల్లో, చివరికి సాహిత్య సభ ముగిశాక టీ దగ్గర కూడా. అనేవాళ్ళంతా తెలుగు మీద ప్రేమ ఉన్నవాళ్ళే. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. తెలుగు ఫాంట్ చూస్తే పెళ్ళి శుభలేఖో పంచాయతీ నోటీసో గుర్తొస్తుంది తప్ప, ఇవాళ్టి మనిషి ఇవాళ్టి సంగతి రాసినట్టు ఉండదు. శుభ్రంగా, హంగులు లేకుండా, చదివేటప్పుడు అడ్డం రాకుండా ఉండే అక్షరం కావాలి. న్యాయమైన కోరికే. కానీ ఆ కోరికకి పెట్టుకున్న పేరు తప్పు. పేరు తప్పయితే దారి తప్పుతుంది. ఇప్పటికే తప్పింది.

నేను టైప్ డిజైనర్ని కాను. ఇంజనీరింగ్ చదువుకుని, తెర మీద అక్షరాలు వాటి చోట్లలో కూర్చునేలా చూసే కోడ్ రాసి బతుకుతున్నవాణ్ణి. సాయంత్రాలు పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాస్తుంటాను. కాబట్టి ఒడ్డున కూర్చుని చెబుతున్న మాటలు కావివి. తెలుగు అక్షరాన్ని రోమన్ అక్షరం కోసం కొట్టిన పెట్టెలో కుక్కే పని నా చేతుల మీదుగా జరుగుతూనే ఉంటుంది.

పేరులోనే ఊరున్న తటస్థత

ముందు హెల్వెటికా సంగతి. 1957లో స్విట్జర్లాండ్‌లో, బాజెల్ నగరం పక్కన మ్యూన్‌షెన్‌స్టైన్‌లో ఉన్న హాస్ అనే టైప్ ఫౌండ్రీ దాన్ని విడుదల చేసింది. ఫౌండ్రీ నడిపే ఎడువార్డ్ హాఫ్‌మన్ చెబుతుంటే మాక్స్ మీడింగర్ గీశాడు. అప్పటి పేరు నోయె హాస్ గ్రోటెస్క్. అంతకు ముందు నుంచీ బెర్తోల్డ్ కంపెనీ అమ్ముతున్న ఆక్సిడెంజ్ గ్రోటెస్క్ అనే జర్మన్ టైపుకి పోటీగా తయారైన సరుకది. 1960లో బయటి దేశాల్లో అమ్మడానికి వీలుగా పేరు మార్చారు. హెల్వెటియా అంటే లాటిన్‌లో స్విట్జర్లాండ్. హెల్వెటికా అంటే ‘స్విస్‌ది’ అని అర్థం. పేరులోనే ఊరు పెట్టుకుని తిరిగే అక్షరాన్ని పట్టుకుని ఊరూ పేరూ లేని తటస్థ అక్షరం అంటున్నాం మనం.

తటస్థం అనిపించడానికి కారణం అది గీతల్లో ఉన్న గుణం కాదు, అలవాటు. రోమన్ లిపి చదివేవాళ్ళు ఆ అక్షరాన్ని బ్యాంకు మీద, విమానం మీద, మందు సీసా మీద చూసీ చూసీ ఇక చూడటం మానేశారు. 2007లో గ్యారీ హస్ట్‌విట్ దాని మీద ఏకంగా ఒక సినిమా తీశాడు. మనలో చాలామందికి ఆ మోజు అంటుకున్నది అక్కడే. అదే ఏడాది వచ్చిన మొదటి ఐఫోన్ కూడా హెల్వెటికాతోనే వచ్చింది. ఆ తర్వాతి కథ మాత్రం మనవాళ్ళు చెప్పరు. 2015లో ఆపిల్ ఐఫోన్‌లో దాన్ని పక్కన పెట్టి, చిన్న సైజుల్లో స్పష్టంగా చదవడానికి వీలుగా శాన్ ఫ్రాన్సిస్కో అనే సొంత ఫాంట్ గీయించుకుంది. హెల్వెటికాలో పెద్ద ‘ఐ’, చిన్న ‘ఎల్’ రెండూ నిట్టనిలువు గీతలే. పక్కపక్కన పెడితే ఏది ఏదో ఊహించుకోవాలి. సొంత లిపి వాళ్ళకే చాలక మార్చుకున్న చొక్కా కోసం మనం కొలతలు ఇస్తున్నాం.

1816లో రెండు పనులు

సెరిఫ్ అంటే రోమన్ అక్షరంలో గీత చివర ఉండే చిన్న అంచు. ‘సాన్స్’ అంటే ఫ్రెంచిలో ‘లేకుండా’. 1816లో లండన్‌లో నాలుగో విలియం కాస్లన్ తన అచ్చుల నమూనా పుస్తకంలో ఒకే ఒక్క పంక్తిగా, అన్నీ పెద్దక్షరాలతో, అంచులు లేని టైపు చూపించాడు. అచ్చులో సాన్స్ సెరిఫ్ చరిత్ర అక్కడ మొదలైంది. 1832లో విన్సెంట్ ఫిగిన్స్ దానికి సాన్స్ సెరిఫ్ అని పేరు పెట్టాడు. అలవాటు లేని కళ్ళకి అది ఎంత వింతగా కనిపించిందో ‘గ్రోటెస్క్’ అనే మరో పేరే చెబుతుంది. వికారమైనదని.

సరిగ్గా అదే 1816లో మద్రాసులో, సెయింట్ జార్జి కోట కాలేజీ ముద్రణాలయంలో, ఎ. డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. ఆ పుస్తకానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ముందుమాటగా రాసిన నోట్ భాషాశాస్త్రం చదివినవాళ్ళకి పరిచయమే. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని, తమిళం కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని ఆధారాలతో వాదించిన నోట్ అది. సంస్కృతం కొలతలతో తెలుగుని కొలవొద్దని ఒక ఇంగ్లీషు దొర మద్రాసులో చెప్పిన ఏడాది, లండన్‌లో ఇంకో దొర రోమన్ అక్షరం అంచులు కత్తిరించాడు. రెండు వందల ఏళ్ళు దాటాక మనం చేస్తున్నదేమిటంటే, మొదటివాడి మాట మర్చిపోయి రెండోవాడి కత్తెర తెచ్చుకున్నాం.

ఎందుకంటే తెలుగులో కత్తిరించడానికి అంచుల్లేవు. తాటాకు మీద గంటంతో గీరి, మసి పూస్తే అక్షరం తేలుతుంది. గంటం మొనకి లావూ సన్నం తెలీదు. మొదలు నుంచి చివరిదాకా గీత ఒకే మందం. ఇవాళ ‘మోడ్రన్’ అని మనం మురిసిపోతున్న ఏకరీతి గీత మన తాళపత్రాల్లో ఎప్పటి నుంచో ఉంది. లావు సన్నాలు సీసపు అచ్చుల్లోనూ, పాళీతో కుంచెతో రాసే చేతుల్లోనూ వచ్చి చేరాయి. అంటే రోమన్ లిపి నడిచిన వరసలో మన లిపి నడవలేదు. తెలుగు అక్షరాన్ని సాన్స్ అనడం కొబ్బరిచెట్టుని ‘కొమ్మలు తీసేసిన చెట్టు’ అని వర్ణించినట్టు ఉంటుంది. దానికి కొమ్మలు ఎప్పుడున్నాయి?

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. గూగుల్, మోనోటైప్ కలిసి తయారుచేసిన నోటో కుటుంబంలో నోటో సాన్స్ తెలుగు ఉంది, నోటో సెరిఫ్ తెలుగు కూడా ఉంది. రెండోదాన్ని తెరిచి సెరిఫ్ ఎక్కడుందో వెతకండి. దొరకదు. కాస్త లావు, కాస్త సన్నం గీతలు ఉంటాయి, అంతే. పక్క పెట్టెలో రోమన్‌కి సెరిఫ్ ఉంది కాబట్టి దీని మీదా ఆ చీటీ అంటించారు. చీటీ వరకే అయితే నాకు పేచీ లేదు. చీటీ చూసి సరుకు మార్చడం మొదలైంది, పేచీ అక్కడ.

తలకట్టు తీసేస్తే ఏమవుతుంది

కొత్త లోగోల్లో, సినిమా టైటిళ్ళలో, అంకుర కంపెనీల ప్రకటనల్లో తలకట్టుని ఎగరగొట్టడమో, అక్షరం ఒంట్లో కలిపేయడమో చూస్తున్నాను. సమర్థన ఒకటే: ‘క్లీన్‌గా ఉంటుంది, సాన్స్ కదా.’ అంటే తలకట్టు వాళ్ళ కంటికి సెరిఫ్‌లాగా, అక్షరం మీద పెట్టిన కుచ్చులాగా కనిపిస్తోందన్నమాట.

రోమన్ ‘ఎ’కి సెరిఫ్ తీసేస్తే అది ‘ఎ’గానే ఉంటుంది. తలకట్టు అలాంటిది కాదు. ఒకటో తరగతిలో గుణింతం చదివిన ఎవరికైనా తెలుసు, అది ఖాళీగా కూర్చున్నది కాదు. గుడి వస్తే తలకట్టు లేస్తుంది. ఎత్వం వచ్చినా, ఒత్వం వచ్చినా, పొల్లు వచ్చినా లేస్తుంది. కొమ్ము వస్తే మాత్రం ఉండిపోతుంది. అది అచ్చుల కుర్చీ. ఎవరు కూర్చున్నారో దాన్నిబట్టి అక్షరం పలుకు మారుతుంది. ఖ, జ, ట, ణ, బ, ల లాంటి కొన్ని అక్షరాలకి అసలు తలకట్టే లేదు. ఏది ఏమిటో గుర్తుపట్టడానికి ఆ ఉండటం, లేకపోవడం కూడా కంటికి సాయం చేస్తాయి.

ఇంకా ముఖ్యమైన సంగతి. తలకట్టు లేని రూపానికి తెలుగులో ఇప్పటికే ఒక అర్థం ఉంది. గ, చ, డ, ద, ప, స లాంటి అక్షరాలు వత్తులుగా కిందికి వెళ్ళేటప్పుడు తలకట్టు విప్పేసి వెళతాయి. ‘అప్ప’లో కింద ఉన్న ప చూడండి, ‘అమ్మ’ పక్కన పెట్టి చూడండి. మ లాంటివి పూర్తిగా వేషం మారుస్తాయి, ప లాంటివి తలకట్టు మాత్రం తీసి కింద నిలబడతాయి. అంటే తలకట్టు లేకపోవడం అలంకారం తగ్గించుకోవడం కాదు, వ్యాకరణంలో వేరే హోదా. పై వరసలో తలకట్టు కత్తిరించిన ప పెడితే, వత్తుని పట్టుకొచ్చి అక్షరం పీటమీద కూర్చోబెట్టినట్టు.

తేడాలన్నీ ఇంత పెద్దవేం కావు. చాలావరకు చిన్నచిన్నవే, అక్కడే ప్రమాదం. ‘వు’ చూడండి. కొమ్ముని మామూలుగా పక్కన తగిలిస్తే అది ‘మ’ అయి కూర్చుంటుంది. అందుకే కొమ్ము కాస్త కిందికి దిగి మొదలవుతుంది. ప, ష, ఫ మధ్య తేడా ఒక చిన్న గీత. ద, ధ, థ మధ్య తేడా ఒక పొట్టగీత, ఒక చుక్క. వీటన్నింటినీ ఒకే కొలతకి సాపు చేసి, నున్నగా గుండ్రంగా తీర్చిదిద్దితే దూరం నుంచి చూడ్డానికి అందంగా ఉంటుంది. చదవడానికి కూర్చుంటే ప్రతి మాట దగ్గరా కన్ను తడబడుతుంది.

ద వత్తు ఖరీదు

ఇదంతా అందచందాల గొడవ అనుకుంటే పొరపాటు. మాది కోట. నెల్లూరు తీరంలో, గూడూరు నుంచి సముద్రం వైపు వస్తే తగిలే ఊరు. మా అమ్మ అక్కడే ఉంటుంది. అమ్మ చదివేది తెలుగే, ఫోన్ కూడా తెలుగులోనే పెట్టుకుంది. డబ్బులు పంపించే ఒక యాప్‌లో ఆమె కళ్ళకి అక్షరాలు చాలక సైజు పెంచుకుంది. మరుసటి రోజు ఫోన్ చేసింది. ‘ఏందిరా ఇది, రదు అని ఉంది, నొక్కమంటావా వద్దంటావా?’

రద్దు అది. బటన్ ఎత్తు ఇంగ్లీషు ‘క్యాన్సిల్’కి సరిపోయేలా కట్టారు. తెలుగు వచ్చేసరికి ద వత్తు కింద గట్టు దాటిపోయింది. దాటింది దాటినట్టు కోసేశారు. దాని పక్కనే ‘చెల్లింపు’లో ల వత్తు కూడా సగమే. పంపాల్సిన డబ్బు పంపడమా ఆపడమా అనేది తేల్చే చోట రెండు వత్తులూ కనపడలేదు. ఇక్కడ ఒక ముసలావిడ అక్షరజ్ఞానం మీద జాలి పడాల్సిన పనేం లేదు. ఆమె ఉన్నది ఉన్నట్టు సరిగ్గానే చదివింది. తెర తప్పు రాసింది.

ఇలా ఎందుకవుతుందో చెబుతాను. రోమన్ అక్షరానికి కిందికి దిగే భాగం ‘జి’ తోక, ‘వై’ తోక అంత. తెలుగుకి కింద ఉన్నవి తోకలు కావు, పూర్తి హల్లులు. పైన గుడో ఏత్వమో, మధ్యలో అక్షరం, కింద వత్తు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో ఒక వత్తుతో కూడా పోదు. కానీ తెరల మీద పెట్టె ఎత్తు ముందే రోమన్‌కి తగ్గట్టు నిర్ణయమైపోయి ఉంటుంది. అప్పుడు మూడే దారులు: మొత్తం అక్షరాన్ని కుదించడం, వత్తుల్ని చీమలంత చేయడం, లేదా కోసేయడం. నోటోలో మామూలు నోటో సాన్స్ తెలుగుతో పాటు నోటో సాన్స్ తెలుగు యూఐ అని ఇంకో రకం కూడా తయారైంది. ఎత్తు తక్కువ ఉన్న మెనూల్లో, బటన్లలో ఇరికించడానికి వీలుగా నిలువు కొలతలు తగ్గించిన రూపం. ఎవరి పెట్టెలో ఎవరు ఇరుక్కోవాలో ఆ పేరే చెబుతోంది.

మా ఊరి బజారులో చేత్తో బోర్డులు రాసేవాళ్ళు ఉండేవాళ్ళు. సుద్దముక్కతో ముందు రెండు గీతలు కొట్టుకునేవాళ్ళు. మాటలో వత్తులున్నాయో లేదో చూసుకుని, ఉంటే గీతల్ని పైకి జరిపేవాళ్ళు. అంటే మాట చూసి పెట్టె కట్టేవాళ్ళు. ఆ తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మా మండలం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది, బోర్డులు మారాయి. కొత్త ఫ్లెక్సీల మీద ‘జిల్లా’ కింది ల వత్తు ఫోన్ నంబరు పట్టీలో మునిగిపోయి ఉండటం చూశాను. సుద్దముక్కవాడికి తెలిసిన సంగతి మన సాఫ్ట్‌వేర్‌కి ఇంకా తెలీదు. ఆఫీసులో ఈ సంగతి ఎత్తినప్పుడల్లా వచ్చే జవాబు, ‘తెలుగు టెక్స్ట్ లేఅవుట్‌ని చెడగొడుతోంది, ఫాంట్ సైజు తగ్గిద్దాం.’ చెడగొడుతున్నది తెలుగు అట!

2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞా’ అనే అక్షరం, లోపల కంటికి కనపడని ఒక యూనికోడ్ గుర్తుతో కలిసి మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిచేసింది. జ్ఞానం తట్టుకోలేక ఫోన్లు పడిపోయాయని మనం మీమ్స్ వేసుకుని నవ్వుకున్నాం. నాకు మాత్రం అది నవ్వులాట అనిపించలేదు. కోట్లమంది మాట్లాడే భాషలో, బడిపిల్లలు రాసే అక్షరం ఒకటి, ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఫోన్ కంపెనీ పరీక్షల్ని దాటుకుని వచ్చి ఫోన్‌ని పడగొట్టింది. లోపం జ్ఞాలో ఉందా, దాన్ని లెక్కలో పెట్టుకోని పద్ధతిలో ఉందా?

‘యంత్రానికి తగ్గట్టు మారాలి కదా’

ఇక్కడొక వాదన వస్తుంది. కాలానికి తగ్గట్టు లిపి మారాలి, తాటాకు నుంచి సీసానికి మారలేదా, ఇప్పుడు తెరకి మారితే తప్పేంటి అని. వినడానికి బాగుంటుంది. మరో రాష్ట్రం ఏం చేసిందో చూద్దాం. 1971లో కేరళ ప్రభుత్వం మలయాళ లిపిని సంస్కరించింది. టైప్‌రైటర్లో, అచ్చులో పట్టడం లేదని కూటాక్షరాలు విడగొట్టారు, ఉకారం గుర్తుని అక్షరం నుంచి విడదీసి పక్కన పెట్టారు. ఇరవై ముప్పై ఏళ్ళు తిరిగేసరికి టైప్‌రైటరే పోయింది, వేల రూపాల్ని అలవోకగా మోయగలిగే కంప్యూటర్ వచ్చింది. 1999లో రచన అనే ఉద్యమం మొదలై, పాత లిపిలో పూర్తి అక్షరాలతో ఫాంట్ తయారుచేసి చూపించింది. యంత్రం పరిమితి తాత్కాలికం. దానికోసం లిపికి చేసిన కోత మాత్రం ఒక తరం చేతిరాతలో ఉండిపోతుంది.

బటన్ ఎత్తు ప్రకృతి నియమం కాదు. ఎవరో ఒక మధ్యాహ్నం టైప్ చేసిన అంకె. ఒక్క లైను మారిస్తే మారుతుంది. ఒక అంకె మార్చడం కన్నా ఒక లిపిని కుదించడం తేలిక అనిపిస్తోందంటే, ఆ తేలికతనం వెనకున్నది ఇంజనీరింగ్ కాదు, లెక్కలేనితనం.

రెండో వాదన, నాది పాత వాసన అని. కాదు. ఒకే మందం గీత మీద నాకు కోపం లేదు, అది మన గంటం గీతేనని పైనే చెప్పాను. అలాగే లావుసన్నాల గీత పాతదనీ అనను. మూర్తి క్లాసికల్ లైబ్రరీ 2015లో వేసిన పెద్దన మనుచరిత్ర చూడండి. ఫియోనా రాస్, జాన్ హడ్సన్ ఆ గ్రంథమాల కోసం చేసిన తెలుగు టైపుతో ఎడమ పేజీలో పద్యం ఎంత ఊపిరి పీల్చుకుంటోందో. ఆ పనే ఇప్పుడు టైరో తెలుగు పేరుతో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా దొరుకుతోంది. పాత అచ్చుల్ని చదివి, వాటి తర్కం పట్టుకుని, కొత్తగా గీసిన అక్షరం అది. మోడ్రన్ అంటే నా ఉద్దేశంలో అదీ. బాపు చేతిరాత, సినిమా పోస్టర్ల మీద ఈశ్వర్ గీసిన అక్షరాలు ఏ స్విస్ గ్రిడ్డునీ అడక్కుండానే వాళ్ళ కాలానికి కొత్తగా ఉన్నాయి.

మన వంతు

ఈ పత్రిక చదివే మనలాంటివాళ్ళకి ఇందులో పాత్ర ఉంది. ఒక పుస్తకం గురించి రాసేటప్పుడు అట్ట బొమ్మ ఎవరు వేశారో తప్పకుండా రాస్తాం. లోపల మూడొందల పేజీలు మన కంటిని మోసిన అక్షరం ఎవరు గీశారో ఎప్పుడైనా రాశామా? ఇంటర్నెట్‌లో ఒక్కో పత్రికకి ఒక్కో సొంత ఫాంట్ దించుకోవాల్సిన రోజుల్ని దాటించిన పోతన, వేమన ఫాంట్ల వెనక తిరుమల కృష్ణ దేశికాచార్యులు ఉన్నారని మనలో ఎంతమందికి తెలుసు? సిలికానాంధ్ర కోసం రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు లాంటి ఫాంట్లు వరసగా చేసిన పురుషోత్ కుమార్ గుత్తుల పేరు ఏ సమీక్షలో చూశాం? అవి బాగున్నాయా, ఎక్కడ బాగాలేవు అని ఒక్క మంచి తిట్టయినా రాశామా? మాట మీద ఇంత రగడ చేసే సాహిత్యలోకం, మాట కనపడే తీరు మీద మౌనంగా ఉంది. ఆ మౌనంలోకే ‘తెలుగు హెల్వెటికా’ నడిచొస్తోంది.

కాబట్టి నేను అడిగేవి చిన్న కోరికలు. తెలుగు అక్షరం గురించి మాట్లాడేటప్పుడు సాన్స్, సెరిఫ్ అనే మాటలు వదిలేద్దాం. ఒకే మందం అక్షరం, లావుసన్నాల అక్షరం అంటే సరిపోతుంది, అందరికీ అర్థమవుతుంది. కొత్త ఫాంటు ఎవరు చూపించినా, అందమైన ‘అ’ ఒక్కటీ పెద్దగా వేసి చూపిస్తే ఒప్పుకోవద్దు. రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, వస్త్రం, చెల్లింపు, రద్దు అని ఫోన్‌లో కనపడేంత చిన్న సైజులో రాసి చూపించమనండి. వు, మ పక్కపక్కన పెట్టమనండి. తెర కట్టేవాళ్ళు పెట్టె ఎత్తుని ‘క్యాన్సిల్’ అనే మాట చూసి కాకుండా ‘రాష్ట్రం’ అనే మాట చూసి నిర్ణయించాలి. తెలుగుకి చాలిన పెట్టెలో ఇంగ్లీషు హాయిగా పడుతుంది. ఇంగ్లీషుకి చాలిన పెట్టెలో తెలుగు పట్టదు. రెండూ పట్టే పెట్టె ఏదో లెక్క వేయడానికి ఇంజనీరింగ్ డిగ్రీ కూడా అక్కర్లేదు.

తటస్థంగా ఉండే తెలుగు అక్షరం వస్తుందేమో, రానివ్వండి. చూసీ చూసీ మనం చూడటం మానేసేంత మామూలుగా, ఏ మాటకీ అడ్డం రాకుండా. అది జ్యూరిక్ నుంచో బాజెల్ నుంచో కొలతలు తెచ్చుకుంటే రాదు. ద కింద ద కి చోటు వదిలిన రోజున వస్తుంది.